రెండో ఉక్కుచుట్ట

కర్సిది చెక్క సుత్తితో ట్రైలర్ టైర్లను ఒక్కొక్కటే కొట్టి వింటున్నాడు. గాలి నిండుగా ఉన్న టైరు కొత్త కుండలా మోగుతుంది. తగ్గినది చప్పుడును మింగేస్తుంది. సిరెబాన్ రేవులో ఇంకా ఎండ ముదరలేదు. పొట్టి మనిషి, లావు మెడ. కిటికీ వైపు ఉండే కుడి చెయ్యి రెండో చేతికన్నా బాగా నల్లబడింది. చివరి టైరు దాకా వెళ్ళి అక్కడే ఆగిపోయాడు. తన బండి రోజూ లాగే ట్రైలరుకు వెనక మూడు ఇరుసులు. అది మరమ్మతుకని సెమరాంగ్ షెడ్డులో ఉంది. బదులుగా తగిలించి పంపిన ఈ ట్రైలరుకు రెండే.

పక్కలు లేని ఆ చదును బల్ల మీదికి క్రేను మొదటి ఉక్కురేకు చుట్టను దించింది. పద్దెనిమిది టన్నులు. బరువు ఇంజను బండికీ వెనక ఇరుసులకీ సమంగా పడేలా చుట్టను జానెడు ముందుకు జరిపించి, కర్సిది గొలుసులు బిగించాడు.

"ఇంకాస్త ముందుకి జరిపించండి పాక్ కర్సిది, రెండోది వస్తోంది," అని అరిచాడు లోడింగు మేస్త్రీ రస్వాన్. పెద్దవాళ్ళను అక్కడ 'పాక్' అని మర్యాదగా పిలుస్తారు.

"వద్దు బాబూ. ఒక్కటి చాలు."

రస్వాన్ నవ్వాడు. "ఒక్కటేంటి? చుట్టం లేకుండా పెళ్ళికొడుకొక్కడే పెళ్ళికెళ్ళినట్టు?"

"వెనకాల రెండే ఇరుసులున్నాయి. రెండు చుట్టలు మోయవు."

"మూడున్నప్పుడు మాత్రం మోసేవా? అప్పుడూ హద్దు దాటే తోలారుగా. ఇవాళే గుర్తొచ్చిందా?"

రస్వాన్ అన్నది నిజమే. మూడిరుసుల మీద కూడా రెండు చుట్టలు ఎక్కువే. ఒక ఇరుసు తగ్గితే దాని వాటా మిగతా రెండింటి మీద, వాటి బ్రేకుల మీద పడుతుంది.

"వయసు మీద పడి పిరికితనం పట్టుకుంది మీకు," అన్నాడు రస్వాన్.

"ఇప్పుడు పట్టుకున్నది కాదయ్యా. మొదట్నించీ పిరికివాణ్ణే."

ఆ మాట నోరు దాటాక అతనికే ఆశ్చర్యం వేసింది. రస్వాన్ యజమానికి ఫోను చేశాడు. అవతలి మాటలు విని, కర్సిది వైపు చూడకుండా చెప్పాడు. "ఒక్కదాంతోనే రమ్మంటున్నారు. వచ్చాక మాట్లాడతారంట."

వచ్చాక మాట్లాడతానంటే ఏమిటో కర్సిదికి తెలుసు. బండెక్కి కూర్చున్నాడు.

ఒకప్పుడు గ్రోబోగాన్ పల్లె నుంచి లారీలు కడగడానికి వచ్చిన కర్సిది కిందటి తరం డ్రైవర్ల దగ్గర పని నేర్చుకుని ఇంత దూరం వచ్చాడు. కూతురికి పెళ్ళి చేసి కెందాల్ పంపాడు. ఒక్క ప్రమాదం లేదు. తోటివాళ్ళు అతన్ని అదృష్టవంతుడనేవారు. ప్రతి కొండ దిగుడులోనూ బ్రేకు నిలవదేమోనని భయపడుతూనే తోలతాడని భార్య తర్మీనికి తప్ప ఎవరికీ తెలియదు. నిద్రలో అతని కుడికాలు పరుపును తొక్కుతూనే ఉంటుంది. "నా పిక్క బ్రేకనుకుంటున్నావా?" అని ఆమె కాలు లాక్కునేది.

బ్రెబెస్ దాటాక బండ్లు తూచే కాటా వచ్చింది. అధిక బరువు బండ్లు దాని ముందు నుంచి కళ్ళు తిప్పుకుని పోతాయి. కర్సిది తనంతట తానే లోపలికి తిప్పాడు. ఇరుసుల బరువు చూసిన ఉద్యోగి కిటికీలోంచి తల బయటికి పెట్టాడు.

"అంతా హద్దులోనే ఉంది. దేనికొచ్చినట్టు?"

"చూపించుకుందామని."

ఉద్యోగి పగలబడి నవ్వి చెయ్యి ఊపాడు. పెకలోంగాన్‌లో మెగోనో అనే పనసపొట్టు కూర కలిపిన అన్నం పొట్లం విప్పి, కర్సిది మెతుకు మిగల్చకుండా తిన్నాడు. పని ఉన్న రోజున అంత ఆకలి వేసి ఎన్నాళ్ళయిందో.

బతాంగ్ టేకు అడవిలో దిగుడు మొదలయ్యేసరికి వాన వెలిసింది. తారు మీద టేకాకులు అంటుకుని ఉన్నాయి. చిన్న గేరులో వేసుకుని నెమ్మదిగా దిగుతున్నాడు. మలుపు తిరగ్గానే ఎదురుగా ఎర్ర ఉల్లిపాయల బండి పక్కకు ఒరిగి ఉంది. రోడ్డంతా ఉల్లిపాయలు. వాటి మధ్య ఇటు వీపు పెట్టి ఒక ఆడమనిషి వంగి ఏరుకుంటోంది.

హారను నొక్కిపట్టి బ్రేకు తొక్కాడు. కాలి కింద బ్రేకు గట్టిగా నిలబడింది. గొలుసులు కిర్రుమన్నాయి. టైర్లు ఆకుల మీద రవ్వంత జారి, పట్టు దొరకబుచ్చుకున్నాయి. చుట్ట కదల్లేదు. బండి ఆగింది.

ఆమె నడుముకీ బండి ముక్కుకీ మధ్య ఒక మనిషి చేతులు కట్టుకుని నిలబడేంత చోటుంది.

ఆమె లేచి నడుం మీద చెయ్యి వేసుకుంది. "ఏమయ్యా, ఎందుకా మోత? మాకేమన్నా చెవుడా? ఉల్లిపాయలు తొక్కకు."

కర్సిది కిందికి దిగాడు. అక్కడే గొంతుక్కూర్చుని ఉల్లిపాయలు ఏరి ఆమె గంపలో వేయసాగాడు. రెండో చుట్ట ఉంటే బండి ఎక్కడ ఆగేదో అతనికి తెలుసు. ఆమెకు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

"ఏడుస్తున్నావేంటయ్యా?"

"ఉల్లిపాయలమ్మా."

"ఇంకా పొట్టే తియ్యలేదు," అని నవ్వి, గంప అతనికి దగ్గరగా తోసింది.

సరుకు దించి సెమరాంగ్ యార్డుకు చేరేసరికి సాయంత్రం నమాజు పిలుపు వినిపిస్తోంది. యజమాని హాజీ ముఖ్లాస్ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. రోజంతా కూడబెట్టుకున్న మాటలు అతని మొహం మీదే ఉన్నాయి.

"రేపు పోయి రెండోది తెస్తావా, లేకపోతే ఎవరినన్నా చూసుకోవాలా?"

"చూసుకోండి పాక్ హాజీ. నేనింక తోలను."

హాజీ తడబడ్డాడు. "కోపమొచ్చిందా? రస్వాన్ నోరు మంచిది కాదులే."

"కోపమేం లేదండి. ఇన్నేళ్ళూ భయంతోనే తోలాను. భయం లేకుండా దిగుడు దిగితే ఎట్టా ఉంటుందో ఇవాళ తెలిసింది. తెలిశాక మళ్ళీ భయంతో తోలలేను." తాళం చెవి అతని చేతిలో పెట్టాడు. "ఎవరు వచ్చినా, రెండిరుసుల దాని మీద ఒక్కటే ఎక్కించండి."

హాజీ తాళం చెవిని జేబులో వేసుకున్నాడు. "ఒక్కటే ఎక్కిస్తాలే," అన్నాడు. "టీ తాగి వెళ్ళు."

"ఇంటిదగ్గర తాగుతానండి. ఈ వేళప్పుడు ఎప్పుడూ ఇంట్లో లేను."

గేటు దాటి, ఊరి వైపు వెళ్ళే వ్యాను కోసం చెయ్యెత్తాడు. అతని నడకలో తొందర లేదు.

యార్డు నేల పళ్ళెంలా చదును. అయినా అలవాటు కొద్దీ కర్సిది ఇందాక బండి దిగగానే వెనక చక్రానికి అడ్డుచెక్క పెట్టాడు. చింతమొద్దు నుంచి తనే చెక్కుకున్నది, ఏళ్ళ తరబడి నొక్కుకుపోయి టైరు గీతలు దాని మీద అచ్చుపడ్డాయి. మళ్ళీ మొదలైన జల్లులో అది చక్రాన్ని ఆనుకుని నల్లగా తడుస్తోంది.