రెండాకుల మధ్య సాలీడు

"అమ్మాయ్, టీలో పంచదార దండిగా వెయ్. మీ ఆయన గెలిచాడు!" వసారాలోకి తొంగిచూసి వచ్చి అత్తయ్య అంది.

గెలిచింది మా ఆయన కాదు, సాలీడు. దాన్ని పట్టింది నేను.

మలేసియాలో మూవార్ దగ్గర ఈ పల్లెకి కోడలినై ఐదు వారాలు. మా ఆయన జుల్హిల్మి పళ్ళు తోముకుంటూ తీసే కూనిరాగానికి కూడా మురిసిపోతున్నాను. మంగళవారం బట్టలు ఆరేస్తుంటే గాలికి మందారాకులన్నీ ఊగుతున్నాయి, రెండు మాత్రం ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. రెంటినీ కలిపి దోసిట్లోకి తుంచాను. మధ్యలో పట్టుగూడు, అందులో వేలిగోరంత సాలీడు! నల్లటి ఒంటిమీద నెమలిరంగు పట్టీలు, లావాటి ముందుకాళ్ళు. కాలేజీ ల్యాబులో సీసాలో చూసినదానికి ఈ మెరుపేదీ? వల పన్నదు, పిల్లిలా పొంచి దూకుతుంది. అద్దం చూపిస్తే కాళ్ళు బార్లా చాపి కయ్యానికి దిగింది. తడిచేతులతో పరుగెత్తి ఎక్కడ దొరికిందో ఆయనకి చెప్తుంటే, దాన్ని పెట్టడానికి అగ్గిపెట్టె వెతుక్కుంటూ "ఊఁ" అన్నాడు. మూడు రోజులు ఈగలు పట్టి మేపింది నేను. పెట్టెలో రోజూ కొత్త ఆకు మార్చింది నేను.

ఇవాళ శుక్రవారం, నమాజు తర్వాత మా వసారాలో సాలీళ్ళ పందెం. "నేనూ చూస్తానండీ" అన్నాను.

"మగాళ్ళ ఆటలో నీకేం పనే? టీ పంపించు చాలు," అని బుగ్గ గిల్లాడు. సిగ్గులేకుండా ఆ గిల్లుడుకీ నవ్వాను!

టీ తీసుకెళ్ళేసరికి పక్కింటి కమారుద్దీన్ మామయ్య మా ఆయన భుజం చరుస్తున్నాడు. "నీది చెయ్యి కాదురా, మంత్రం!"

"చిన్నప్పట్నుంచీ అలవాటేగా మామయ్యా," అన్నాడు. నావైపు చూడనైనా లేదు. ఒళ్ళు మండిపోయింది. మొన్న నేను వండిన చేపల పులుసుకీ ఇంతే, "మా అమ్మ చేతి రుచి" అన్నాడు చుట్టాలతో. అప్పుడు ముద్దుగానే అనిపించింది. ఈ ఇంట్లో నాదని పేరున్నది ఏదైనా ఉందా, తప్పులు తప్ప?

"ఇంతకీ ఎక్కడ దొరికిందిరా? ఏ చెట్టు?" మామయ్య అడిగాడు.

ఆయన గబుక్కున నావైపు చూశాడు. ఇప్పుడు కనిపించాను! అందించవే అని బతిమాలే చూపు. అందించడం అలవాటైన నా నాలుక కదలబోయింది, ఆపుకున్నాను. టీ పళ్ళెం నేలమీద పెట్టేశాను.

"కాస్త జరగండి మామయ్యా. పట్టింది నేను, కూర్చుని చెప్తాను."