ముంజె ఒలిచే చెయ్యి

“సొంత చెల్లెలి మొగుడు కంటి డాక్టరై ఉండగా, నీ కన్ను పరాయిపిల్లకి అప్పజెబితే భీమవరంలో నా మొహం ఎక్కడ పెట్టుకోను?” అన్నాడు ఆంజనేయరాజు, కాఫీ గ్లాసు బల్ల మీద ఠక్కున పెట్టి.

“మీ మొహం మీరెక్కడైనా పెట్టుకోండి. కన్ను నాదండీ,” అంది సుభద్రమ్మ.

పొద్దున్నించీ ఇదే గొడవ. శుక్లం ముదిరి ఆవిడకి బియ్యంలో రాళ్ళు ఆనడం మానేశాయి. కోడలు కీర్తిప్రియ ఏరిన బియ్యం తినాల్సి వస్తోందన్నది అసలు బాధ. ఆస్పత్రిలో పెద్ద డాక్టరు ఆడపడుచు భర్త పల్లంరాజు. కొత్తగా చేరిన చిన్న డాక్టరు ప్రణతి. కంట్లో మసకబారిన గుజ్జు తీయాలంటే ముందు దాని మీది పల్చటి పొర తెరవాలి. పల్లంరాజు సూదితో చుట్టూ పొడిచి, ఆ చిల్లులు కలిపి ఊడదీస్తాడు. ప్రణతి ఒకచోట గాటు పెట్టి, అంచు పట్టుకుని గుండ్రంగా ఒక్క ఊపులో ఒలిచేస్తుంది. అంచు నున్నగా ఉంటే పొర పక్కకి చీలదట, కొత్త లెన్సు కుదురుగా కూర్చుంటుందట. అది విన్నప్పటినించీ సుభద్రమ్మకి తాటిముంజెలే గుర్తొస్తున్నాయి.

ఆదివారం ఇద్దర్నీ భోజనానికి పిలిచింది. చివర్న ముంజెలు తొక్కతోనే పెట్టింది.

“ఒలవకుండా పెట్టావేంటే?” అన్నాడు ఆంజనేయరాజు.

“చూపానదు కదండీ,” అంది అమాయకంగా, ఉన్న కాస్త చూపూ ఆ ఇద్దరి వేళ్ళ మీదే పెట్టి.

పల్లంరాజు బొటనవేలితో కసుక్కున పొడిచాడు. ముంజెలో నీళ్ళు చిమ్మి ఆంజనేయరాజు లాల్చీ మీద పడ్డాయి. ప్రణతి ఏకంగా తొక్కతో సహా నోట్లో వేసుకుంది. సుభద్రమ్మ ముంజెల పళ్ళెం ఆ పిల్ల ముందుకి జరిపింది.

“వగరుగా లేదూ అమ్మా?”

“ఆకలండీ, ఆగలేకపోయా,” అని నవ్వి ప్రణతి ఇంకోటి తీసుకుంది. గోటితో అంచు లేపి, ముంజెని మెల్లగా తిప్పుతూ తొక్కంతా ఒలిచేసింది. చుక్క నీరు జారలేదు.

“అబ్బ!” అనేసింది సుభద్రమ్మ.

పల్లంరాజు పగలబడి నవ్వాడు. “దొరికిపోయావు చెల్లెమ్మా! భోజనానికి కాదు, పరీక్షకి పిలిచావన్నమాట. ఆ ఒలిచే ఒడుపు నా చేతికింకా పట్టుబళ్ళేదు. బావకి చెప్పకు గానీ, నా ఎడంకంట్లోనూ మసక మొదలైంది. నేనూ ఈ అమ్మాయి చేతే చేయించుకుంటున్నా.”

పక్కనే కూర్చున్న బావ లాల్చీ తుడుచుకోవడం ఆపేశాడు.

సుభద్రమ్మ ఆఖరి ముంజె ప్రణతి కంచంలో వేసి, ఇంటిల్లిపాదికీ వినబడేలా నింపాదిగా చెప్పింది.

“బుధవారం ప్రణతమ్మ చేతే ఆపరేషను. కట్టు విప్పాక బియ్యం నేనే ఏరతానే, కీర్తీ.”