గేదెల వాటా ఉలవలు

పట్టాభి మొహం చూస్తేనే నాకు ఒళ్లు మండేది. ఇప్పటికీ ఆ మంట పూర్తిగా చల్లారిందని చెప్పలేను. చైతన్యపురి మెయిన్ రోడ్డు మీంచి హాస్టళ్ల సందులోకి తిరిగితే మూడో గుమ్మం ఆయన మెస్. గుడివాడ దగ్గరి పల్లె నుంచి వచ్చి పదిహేనేళ్లయినా ఆయన మాటలోంచి ఆ ఊరు పోలేదు. దిల్‌సుఖ్‌నగర్ మొత్తంలో అసలైన ఉలవచారు తన దగ్గరే దొరుకుతుందని గోడ మీద ఎర్ర పెయింటుతో రాయించుకున్నాడు. ఆ చారు కాచేది మా అమ్మ అండాలమ్మ. పేరు మాత్రం ఆయనది.

నా పేరు అరుణజ్యోతి. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. మేం మునుగోడు వైపు పల్లె నుంచి వచ్చి మన్సూరాబాద్‌లో రెండు గదుల్లో కిరాయికి ఉండేవాళ్లం. నేను సరూర్‌నగర్ స్టేడియం పక్కన వెయిట్‌లిఫ్టింగ్ నేర్చుకునేదాన్ని. ఆ ఏడాది జట్టు ఎంపికలు అక్కడే పెట్టారు. యాభై ఎనిమిది కిలోల తరగతిలో పోటీ చేస్తే చోటు ఖాయమని, చోటు వస్తే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగానికి దారి దొరుకుతుందని మా కోచ్ మహిపాల్ సార్ చెప్పారు. చిక్కల్లా నేను అరవై కిలోల మూడొందల గ్రాములు ఉండటమే. పై తరగతికి వెళ్తే అక్కడ నాకంటే ఇరవై కిలోలు ఎక్కువ ఎత్తే పిల్ల ఉంది. ఆరు వారాల్లో రెండు కిలోల పైన దిగాలి. దిగకపోతే ఇంటికి పోవాలి.

నాకు తెలిసిన దారి ఒక్కటే, తిండి మానేయడం. మూడో రోజు కడ్డీ భుజాల దాకా తెచ్చి కళ్లు తిరిగి వదిలేశాను. అది కాలికి జానెడు దూరంలో పడింది. మహిపాల్ సార్ అందరి ముందూ విరుచుకుపడ్డారు.

"పస్తులుండేటట్లుంటే పోయి దీక్ష శిబిరంల కూసో. ఆడ దండలేస్తరు. ఈడ బరువెత్తాలె!"

"మరి ఏం తినాలె సార్?"

"సూప్ తాగు. నీళ్ల సూప్ కాదు. కడుపు నిండాలె, కండ నిల్వాలె, కొవ్వెక్కొద్దు. పప్పుగింజలు, గుడ్డు తెల్లసొన, ఆకుకూర ఎయ్యమను మీ అమ్మను. నూనె కనవడొద్దు."

ఆ మాట అమ్మకు చెప్పడానికి నేరుగా మెస్‌కు వెళ్లాను. పట్టాభి అప్పుడే ఉడికిన ఉలవలు వారుస్తున్నాడు. నల్లటి నీళ్లు ఒక గిన్నెలోకి, గింజలు ఒక నీలం డ్రమ్ములోకి. ఆ నీళ్లనే గంటల తరబడి మరగబెట్టి, చింతపండు పోసి, పోపు పెట్టి చారు చేస్తారు. డ్రమ్ములో గింజలు ఆవిర్లు కక్కుతున్నాయి. మూడు రోజులుగా తిండి లేని దాన్ని, నోరూరింది.

"గా గింజలేం జేస్తరు?" అని అడిగాను.

"సరూర్‌నగర్‌లో లచ్చయ్య డెయిరీకి పోతాయమ్మాయ్. గేదెలకి. మా వైపు చారు మనిషికి, గింజ గొడ్డుకి."

"మా దిక్కు పోపేసి గుడాలు జేసుకొని తింటం."

"మీ వాళ్లు ఏదైనా తింటార్లే," అని నవ్వాడు.

భోజనం చేస్తున్న కుర్రాళ్లు కూడా నవ్వారు. అమ్మ పొయ్యి దగ్గర తల తిప్పలేదు. నాకు చెవుల దాకా వేడెక్కింది. ఆ రోజు నుంచి పట్టాభి నాకు పగవాడు.

మర్నాటి నుంచి అమ్మ సూప్ మొదలుపెట్టింది. మొదటి రోజు పలచన అయింది. గటగటా తాగేస్తే గంటలో మళ్లీ ఆకలి. రెండో రోజుకు అమ్మ చెయ్యి కుదిరింది. ఉడికిన ఉలవలు సగం పప్పుగుత్తితో మెత్తగా ఎనిపి, సగం గింజలుగానే వదిలేది. నమలడానికి ఏదో ఒకటి తగలకపోతే తిన్నట్టు ఉండదని అమ్మ నమ్మకం. అందులో సొరకాయ ముక్కలు, పాలకూర, రెండు టమాటలు, దంచిన వెల్లుల్లి, మిరియాలు. దించే ముందు రెండు గుడ్ల తెల్లసొన గిలకొట్టి సన్నటి ధారగా పోస్తే అది దారాల్లా విచ్చుకునేది. నూనె అరచెంచా, జీలకర్ర చిటపటలాడటానికి. పెద్ద గిన్నెడు తాగి ప్రాక్టీసుకు వెళ్తే నాలుగు గంటలు ఆకలి ఊసు ఉండేది కాదు. వారం తిరిగేసరికి బరువు యాభై తొమ్మిది ఎనిమిదొందలకు దిగింది. ఎత్తే బరువు మాత్రం తగ్గలేదు, రెండో వారం నుంచి పెరిగింది కూడా.

"ఉలవలు ఏడియమ్మా?" అని అడిగాను ఒకసారి.

"ఊర్లకెళ్లి మీ ఈరమ్మ పెద్దమ్మ పంపింది," అంది అమ్మ గిన్నె కడుగుతూ.

ఇక నా నోటికి పట్టపగ్గాల్లేవు. మా పెద్దమ్మ ఉలవల గురించి స్టేడియంలో అందరికీ చెప్పాను. మెస్‌కు వెళ్లినప్పుడు పట్టాభి నన్ను ఎగాదిగా చూసి "బాగా గట్టిపడ్డావే అమ్మాయ్, ఏం తింటున్నావ్?" అంటే గొంతు పెంచి మరీ చెప్పాను.

"మా ఊరి ఉలవలు. గింజలతోటి."

ఆయన ఒక్కసారి అమ్మ వైపు చూశాడు. అమ్మ గరిటె తిప్పుతూనే ఉంది. "బావుంది, బావుంది," అని ఆయన జల్లెడ దులుపుకుంటూ వెళ్లిపోయాడు. గెలిచాననుకుని ఇంటిదాకా నడిచే వచ్చాను.

అది సకల జనుల సమ్మె జరుగుతున్న కాలం. బస్సుల్లేవు, బళ్లు లేవు, ఆఫీసుల్లేవు, కరెంటు పూటకోసారి పోయేది. ఎల్బీనగర్ చౌరస్తాలో రోడ్డు మీదే వంటలు, రోడ్డు మీదే భోజనాలు. ఒక బంద్ రోజు శ్రీనివాస్ అనే కుర్రాడు ముందు నడుస్తుంటే ముప్పై మందిమి దిల్‌సుఖ్‌నగర్ నుంచి షట్టర్లు దింపించుకుంటూ వచ్చాం. నాకు తెలంగాణ కావాలి, అందులో అబద్ధం లేదు. కాని హాస్టళ్ల సందులోకి తిరిగినప్పుడు నా కళ్ల ముందున్నది తెలంగాణ కాదు. పట్టాభి నవ్వు.

మెస్ షట్టర్ సగం ఎత్తి ఉంది. పట్టాభి చేతులు జోడించాడు.

"హాస్టల్ పిల్లలు ఆకలితో ఉంటారు బాబూ. వాళ్లకి పెట్టేసి మూసేస్తా."

"బందంటే బందే," అన్నాడు శ్రీనివాస్.

వాళ్లు మాట్లాడుకుంటుంటే నేను షట్టర్ కింద నుంచి దూరి లోపలికి వెళ్లాను. ఉడికించి దించిన ఉలవల గిన్నె నేల మీద ఉంది, ఇంకా వార్చలేదు. దాన్ని ఎప్పుడూ పనివాడు ఇంకొకరి సాయంతో దించేవాడు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి "అరుణా, వద్దు," అంది. వినబడింది. వినబడే వంగాను. గుడ్డపీలికలతో గిన్నె చెవులు పట్టుకుని, మహిపాల్ సార్ నేర్పినట్టే నడుం నిటారుగా పెట్టి, తొడల మీద బలం వేసి లేపాను. గోరువెచ్చటి గిన్నె కడుపుకు తగులుతుంటే ఒక్కదాన్నే బయటికి మోసుకొచ్చి, అందరూ చూస్తుండగా మురుగు మోరీలో పోశాను. నీళ్లు, గింజలు మొత్తం. కుర్రాళ్లు ఈలలు వేశారు. "శభాష్ అక్కా!" అన్నాడు శ్రీనివాస్. అందరం జై తెలంగాణ అని అరిచాం.

పట్టాభి మోరీ వైపు చూశాడు. "అమ్మాయ్, అవి ఎవరి..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. గుమ్మంలో నిలబడ్డ అమ్మ ఆయన వైపు చూస్తూ తల అడ్డంగా ఊపింది. ఆయన లోపలికి పోయి షట్టర్ తనే దింపుకున్నాడు.

సాయంత్రం చేతులు కడుక్కుని కూర్చున్నాను. అమ్మ నా ముందు అన్నం, పచ్చి పులుసు పెట్టింది.

"సూప్ ఏదమ్మా?"

"మోరీల ఉంది."

అర్థం కాలేదు. అమ్మ మొహం చూశాక అర్థమైంది.

"ఈరమ్మ పెద్దమ్మ పంపిందంటివి?"

"ఈరమ్మ దగ్గర ఇత్తనాలకే లెవ్వు. రోజూ గా డ్రమ్ములకెళ్లే తెచ్చిన. చెప్తే తింటవా నువ్వు? బర్రెలకు పోసేటియి అంటే నా మొహాన గొట్టవా?" అమ్మ అప్పటిదాకా ఎప్పుడూ నా మీద అంత గొంతు చేసుకోలేదు. "ఇంట్ల మూడు గంటలు ఉడకబెట్టెతందుకు గ్యాస్ యాడిది? నా బిడ్డ నాలుగు వారాల సంది తాగిన తిండి అది. పొద్దుగాల లేసి ఉడకబెట్టింది నేను. నా కండ్ల ముంగటనే పారబోస్తివి."

 ఆ రోజు బరువు యాభై ఎనిమిది ఐదొందలు. ఎంపికలకు ఇంకా పది రోజులుంది.

"రేపు అడుగమ్మా, ఇస్తడు."

"పారబోసింది నువ్వు. అడిగేది నువ్వే," అని అమ్మ లేచి వెళ్లింది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు.

నేను మాత్రం అడుగుతానా? మలక్‌పేట గంజ్‌లో ధాన్యం కొట్లన్నీ మూసి ఉన్నాయి. మా కాలనీలో తెరిచిన ఒకే ఒక్క కిరాణా కొట్టులో పావు కిలో పాత ఉలవలు దొరికితే కిరోసిన్ పొయ్యి మీద పెట్టాను. మూడు గంటలు మండేసరికి కిరోసిన్ అయిపోయింది, గింజ మాత్రం పంటికి లొంగలేదు. గుడ్ల లారీలు రాలేదు. ఒక రోజు పస్తు ఉన్నాను, డెబ్బై కిలోల దగ్గరే కడ్డీ వదిలేశాను. మర్నాడు ఆగలేక అన్నం ఓ పట్టు పట్టాను. నాలుగో రోజు పొద్దున తూకంలో యాభై ఎనిమిది తొమ్మిదొందలు.  మహిపాల్ సార్ నోట్‌బుక్‌లో నా పేరు పక్కన అంకె వేసి పేజీ తిప్పేశారు. తిట్టి ఉంటే బాగుండేది.

అక్కడి నుంచి మెస్‌కు నడిచాను. ముందు షట్టర్ దింపే ఉంది. వెనక సందులో మాత్రం పది మంది టిఫిన్ డబ్బాలతో వరసగా నిలబడ్డారు. పట్టాభి వెనక గుమ్మం నుంచి వడ్డించి పంపుతున్నాడు. వరసలో మూడోవాడు శ్రీనివాస్. నన్ను చూసి డబ్బా వీపు వెనక పెట్టుకున్నాడు. ఇంకో రోజైతే వాణ్ణి అక్కడే కడిగేసేదాన్ని. అప్పుడు నాకు ఆ మొహం లేదు.

నా వంతు వచ్చింది. చేతిలో డబ్బా లేదు.

"ఏం కావాలి?" అన్నాడు పట్టాభి.

"గింజలు."

"ఏ గింజలు?"

అందరూ వింటున్నారు. లోపల అమ్మ గరిటె చప్పుడు ఆగింది.

"బర్రెలకు పోసేటియి."

"మీ ఊరి ఉలవలు అయిపోయాయా?"

కన్నీళ్లొచ్చాయి. ఆయన ముందు ఏడవకూడదని పళ్లు బిగించాను. "మా ఊరియి ఎప్పుడూ లేకుండె. గివే తిన్న," అన్నాను. సందు చివరిదాకా వినబడేలా అన్నాను.

పట్టాభి నవ్వలేదు. నవ్వి ఉంటే బతికిపోయేదాన్ని, వెనక్కి తిరిగి వచ్చేసేదాన్ని. వేలుతో లోపలికి చూపించాడు. పొయ్యి మీద పెద్ద గిన్నె ఉడుకుతోంది.

"నీ దెబ్బకి పనివాడు జడిసి ఊరు పారిపోయాడు. నా నడుం పని చెయ్యదు. పారబోసిన చేతులే కదా, దించు."

దించాను. ఆయన నీళ్లు వార్చాడు. గింజలు డ్రమ్ములోకి గుమ్మరించబోయి అమ్మ వైపు తిరిగాడు.

"అండాలమ్మా, ముందు అమ్మాయి గిన్నె నింపి పక్కన పెట్టు. తర్వాతే గేదెలు. ఎప్పటి వరసే."

ఎప్పటి వరసే! అంటే మొదటి రోజు నుంచీ తెలుసు. మా ఊరి ఉలవలని నేను గొంతు పెంచి చెప్పిన రోజూ తెలుసు, మోరీలో పోస్తున్నప్పుడూ తెలుసు. తెలిసి నా పరువు నా దగ్గరే ఉండనిచ్చాడు. అందుకు ఆయన మీద గౌరవం పుట్టాలి. నాకు మాత్రం ఇంకా కోపం వచ్చింది. ఆ నవ్వు నవ్వినవాడు మంచివాడు కూడా అయితే ఇక నేను ఎవర్ని తిట్టుకోవాలి?

ఆ ఆరు రోజులూ పొద్దున్నే వెళ్లి గిన్నె దించాను.  గింజలు ఇంటికి తెచ్చి సగం ఎనిపి, సగం వదిలి, సూప్ నేనే కాచుకున్నాను. అమ్మ పక్కన నిలబడి చూసేది. నాలుగో రోజు "మిరియాలు తక్కువైనయి," అంది. వారం రోజుల్లో నాతో అదే మొదటి మాట.

ఎంపికల రోజు తూకం మీద యాభై ఏడు ఎనిమిదొందల యాభై. మహిపాల్ సార్ నోట్‌బుక్ మూసి జేబులో పెట్టుకున్నారు. ఆఖరి ప్రయత్నంలో ఎనభై కిలోలు తల మీదికెత్తి నిలబెట్టాను. జట్టులో నా పేరు రాసుకున్నారు.

మర్నాడు మామూలు వేళకే మెస్‌కు వెళ్లాను. వెళ్లాల్సిన పనేం లేదు. పనివాడు వచ్చేశాడని అమ్మ చెప్పింది కూడా. పట్టాభి జల్లెడ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"తూకం ఎంత?"

"యాభై ఏడు ఎనిమిదొందల యాభై."

"ఎత్తింది?"

"ఎనభై."

"ఎనభయ్యేనా? ఇన్ని గింజలు తిని? ఆ గేదెలకి పోసుంటే పాలన్నా ఇచ్చేవి."

ఒళ్లు భగ్గుమంది. ఏదో అనబోయి అమ్మ వైపు చూశాను. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. గుడ్డపీలికలు తీసుకుని వంగాను. గిన్నె నిండుగా ఉంది. నడుం నిటారుగా పెట్టి, నెమ్మదిగా దించి, ఆయన కాళ్ల ముందు పెట్టాను. ఒక్క గింజ కింద పడలేదు.