సోప్రోన్ బురుజు మెట్లు

గిజెల్లా ముప్ఫై ఏళ్లు కెచ్‌కెమేత్ స్టేషన్‌లో టికెట్లు అమ్మింది. సోప్రోన్ పోయేవాళ్లందరికీ ఒకటే మాట చెప్పేది: ముందు పెట్టెలెక్కండి, జ్యోర్‌లో బండి రెండు ముక్కలవుతుంది, వెనక పెట్టెలు సోంబత్‌హేయ్‌కి పోతాయి. అంతమందిని పంపిన మనిషి తను మాత్రం సోప్రోన్ చూడలేదు. అక్కడి పాత బురుజు ఎక్కి ఊరంతా చూడాలని ఎప్పటినుంచో కోరిక. సోమవారం మోకాలికి ఆపరేషన్. ఆ తర్వాత రెండువందల మెట్ల మాట మరిచిపొమ్మన్నాడు డాక్టరు. అందుకే శనివారం పొద్దున్నే ఆడపడుచు ఎతెల్కాని వెంటబెట్టుకుని బయల్దేరింది.

ఎండ పడదని వెనక పెట్టెలో కూర్చున్నారు. జ్యోర్ రాగానే ముందుకు మారదామనుకున్నారు. జ్యోర్ వచ్చింది. ఎతెల్కా నిద్రలో ఉంది. గిజెల్లాకు పాత అలవాటు పూనింది. లేచి నిలబడి, సోప్రోన్ వాళ్లంతా ముందుకు పొమ్మని పెట్టెంతా చాటింది. ఒక ముసలాయన సంచీ అందించింది, ఒక పిల్లతల్లిని చెయ్యిపట్టి దించింది. అందర్నీ పంపేశాక తృప్తిగా వచ్చి కూర్చుని, ఇంట్లో కాల్చి తెచ్చిన ఉప్పురొట్టె కొరికింది. బండి కదిలింది.

టీసీ వచ్చి టికెట్ చూసి, సోప్రోన్ పోయే సగం బండి ఎప్పుడో వెళ్లిపోయిందండీ అన్నాడు. ఎతెల్కా కళ్లు నులుముకుంది.

"ఊరందర్నీ ఒడ్డెక్కించి నువ్వు మునిగావా వదినా?"

గిజెల్లా కొరికిన రొట్టెను సంచీలో కుక్కేసింది. సోంబత్‌హేయ్‌లో దిగారు. సోప్రోన్ బండికి ఇంకా గంటన్నర ఉంది. ఎతెల్కా ఊరుకోలేదు, ఊళ్లోకి లాక్కుపోయింది. రోమను కాలం నాటి రాళ్లబాట మీద ఇద్దరూ నడిచారు. నూనెలో వేయించి పుల్లమీగడ పూసిన వేడి లాంగోష్ రొట్టె తింటుంటే ఎతెల్కా ముక్కుకి మీగడంటింది. అప్పుడు నవ్వింది గిజెల్లా.

సోప్రోన్‌లో బురుజు దగ్గరికి చేరేసరికి మూసే వేళకు అరగంటే ఉంది. టికెట్ కిటికీలోని అమ్మాయి గిజెల్లా మోకాలికున్న కట్టు చూసి, రేపు రండమ్మా అంది.

"నేనూ కిటికీ వెనక కూర్చున్నదాన్నే తల్లీ. బండి కదిలేదాకా టికెట్ లేదని ఎవరికీ చెప్పలేదు."

ఆ అమ్మాయి రెండు టికెట్లు ఇచ్చింది.

అరవై మెట్లకే మోకాలు మంటెత్తింది. గిజెల్లా గోడకానుకుని, ఇక చాలులే అంది. పైమలుపులో ఎతెల్కా నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

"ఇది జ్యోర్. ఇక్కడ ఆగిపోతే జనం నవ్వుతారు. ఎక్కు."

ప్రతి మలుపుకీ ఒక స్టేషన్ పేరు అరుస్తూ పోయింది ఎతెల్కా. తప్పు వరసలో అరిచినప్పుడల్లా గిజెల్లా తిట్టింది. తిడుతూ తిడుతూ ఎక్కేసింది.

పైన గాలి కొంగలా రెక్క విప్పి కొట్టింది. కింద ఎర్రపెంకుల కప్పులు ఒకదాన్నొకటి తోసుకుంటూ, దూరాన సరస్సు సన్నని గీతలా మెరుస్తూ. గిజెల్లా చుట్టూ మూడుసార్లు తిరిగింది. ఎతెల్కా కళ్లు మూసుకుని గోడను కరుచుకుంది. ఎత్తంటే ఆమెకు భయమని అప్పుడు తెలిసింది వదినకు.

కింద మూసే గంట కొట్టారు.

"ఎలా దిగుతాం వదినా?"

"కూర్చుని" అంది గిజెల్లా.

మెట్టు మెట్టుకీ కూర్చుంటూ, పావడాలకు దుమ్ము పట్టించుకుంటూ, ఇద్దరూ పగలబడి నవ్వుకుంటూ దిగారు.