విమానాల లిఫ్టుకు నాలుగో పిన్ను

అబిగయీలు లేతు మిషను ముందు నిలబడిందంటే పిడుగు పడ్డా తల తిప్పదని బోగోలు రేవులో అందరికీ తెలుసు. ఇరవై ఏళ్లుగా పడవ ఇంజన్లకు షాఫ్టులు, రొయ్యల గుంటల ఏరేటర్లకు బుష్షులు తిప్పిన చెయ్యి. అలాంటి మనిషి ఆ మంగళవారం మిషను ఆపేసి, బల్ల మీది పాత పిన్నునూ పక్కనున్న డ్రాయింగునూ మార్చి మార్చి చూస్తూ కూర్చుంది.

పిన్ను అలాంటిలాంటిది కాదు. యుద్ధవిమానాలను మోసిన ముసలి ఓడది. ఆ ఓడను జెట్టీకి కట్టి మ్యూజియం చేస్తున్నారు. కింది అంతస్తులోని విమానాలను డెక్కు మీదికి ఎత్తే లిఫ్టులో ఇకమీదట బడిపిల్లలను ఎక్కిస్తారట. దాని గొలుసులు నాలుగు కప్పీల మీద నడుస్తాయి, కప్పీకి ఇరుసుగా ఒక్కో పిన్ను. మూడింటిని పట్నంలో ఎవరిచేతో చేయించారు. వాళ్లు ఆలస్యం చేస్తుంటే నాలుగోది ఈమెకు వచ్చింది. ఇచ్చింది ఒక్కటే ఉక్కు కడ్డీ. తప్పు కోస్తే ఇంకోటి లేదు.

ఓడ ఇంజనీరు నరేంద్రబాబు వచ్చి, ఎంతవరకు వచ్చిందని అడిగాడు.

"డ్రాయింగులో మూడంగుళాలుంది సార్. పాత పిన్ను అరిగిపోయి కూడా మూడుంబావు ఉంది. అరిగిందేదైనా సన్నబడుద్దిగానీ లావవుద్దా?"

"డ్రాయింగు ఓడ కట్టినవాళ్లదమ్మా. వాళ్లకంటే మనకెక్కువ తెలుసా? దాని ప్రకారం చెయ్యి" అని వెళ్లిపోయాడు.

చెయ్యడానికి ఆమె మనసు ఒప్పలేదు. డ్రాయింగు మడిచి చంకన పెట్టుకుని, నేవీలో చేసి రిటైరైన జీవానందం బాబాయి ఇంటికి నడిచింది. ఆయన డ్రాయింగు మూలనున్న సంవత్సరం చూసి నవ్వాడు.

"ఇది గీసినప్పుడు ముందు పంకా తిరిగే చిన్న విమానాలమ్మా. ఓడ పూర్తయ్యేలోపే రెండో ప్రపంచ యుద్ధం అయిపోయింది. తరవాత జెట్లొచ్చినాయి, రెండింతల బరువు. డెక్కును పక్కకి ఐమూలగా పెంచినారు, లిఫ్టును గట్టి చేసినారు. ఓడ మారిందిగానీ ఈ కాయితం మారలా."

ఇంకేం కావాలి! పాత పిన్ను చివర, దాన్ని బిగించే పట్టీ కింద ఉండి అరుగుదల అంటని చోట కొలత తీసుకుంది. ఆ కొలతకే తిప్పింది. లావుంటే రేపు సన్నం చేయొచ్చు, సన్నమైందాన్ని లావు చేసే మిషను లోకంలో లేదు కదా.

శనివారం పొద్దున పదింటికి లిఫ్టు ప్రారంభం. అంతకు గంట ముందు ఆమె పిన్ను కప్పీలోకి నూనె రాసినట్టు దిగి బిగుసుకుంది. పక్కనున్న నరేంద్రబాబు గడియారం చూసుకున్నాడు. అబిగయీలుకు గర్వంగానే ఉంది, ఎందుకుండదు? ఆ గర్వంతోనే మిగతా మూడు కప్పీల వైపు చూసింది. చూసి గతుక్కుమంది.

పిన్నుల చుట్టూ తళతళమని రేకు అంచులు. అదేమిటో ఆమెకు ఒకరు చెప్పాలా? రేవులో బుష్షు వదులైతే నూనె డబ్బా రేకు కత్తిరించి, చుట్టి, సుత్తితో కొట్టేస్తారు. వంద పడవలకు తనే కొట్టింది. కాగితం కొలతకు చేసిన సన్న పిన్నులు వదులై ఆడుతుంటే, ఇక్కడా ఎవరో ఆ పనే చేశారు. ఒళ్లు మండిపోయింది.

"లిఫ్టు కదిలించొద్దు సార్."

"పిల్లలొచ్చేసినారమ్మా. సోమవారం మారుద్దాంలే."

"పడవకైతే నేనే కొడతా ఈ రేకు. చెడితే లంగరేసి కూచుంటారు. పిల్లకాయలు యాడ లంగరేస్తారు సార్?"

"నువ్వు చేసింది ఒక పిన్ను. మిగతావాటి జోలి నీకెందుకు? ఇంకెప్పుడూ ఈ ఓడ పని నీకు రాదు, చూసుకో."

"రాకుంటే పోయె."

రంగు కాగితాల తోరణం అవతల నలభైమంది పిల్లలు వరుసలో నిలబడి ఉన్నారు. అబిగయీలు వాళ్ల ముందునుంచే నడిచి వెళ్లి, లిఫ్టు పలక నట్టనడుమ బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ముందు నన్నెత్తండి సార్. మీరూ రండి, పక్కన కూచోండి. మనిద్దరం పైకి పోయి దిగినాక పిల్లకాయల్ని ఎక్కిద్దాం."

నరేంద్రబాబు విసురుగా వచ్చాడు. ఒక కాలు పలక మీద పెట్టాడు. కళ్లు మాత్రం కప్పీల దగ్గరి రేకు మీదికి పోయాయి. రెండో కాలు లేవలేదు. పెట్టిన కాలు మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

"టీచరుగారూ, పిల్లల్ని మెట్ల మీంచి తీసుకెళ్లండి" అన్నాడు.