గోడమీద లేని శశికళ

కర్ణాటక సరిహద్దులో చింతామణి బస్సు డిపోలో కండక్టరు ఆదెప్ప. డ్యూటీ లేని రోజున మెడలో కెమెరా లేకుండా అతన్ని చూసినవాళ్ళు లేరు. మూతపడిన ఒక స్టూడియోవాళ్ళ దగ్గర ఆ కెమెరా కొన్నాడు. తీసినవాటిలో నచ్చినవి మందపాటి కాగితం మీద ప్రింటు వేయించి, ఎవరిని తీశాడో వాళ్ళకే ఇచ్చేసేవాడు. టమేటా మండీ హమాలీల ఇళ్ళలో, బాగేపల్లి బస్సెక్కే పూలమ్మేవాళ్ళ ఇళ్ళలో, దేవుడి పటాల పక్కన ఆదెప్ప ఇచ్చిన ప్రింటు ఒకటి కనబడేది. "ఫోన్లో ఉండేది ఫొటో కాదప్పా, చేతికి రావల్ల" అనేవాడు.

నెలకొక ఆదివారం నాగేశ్ మొబైల్ షాపు మిద్దెమీద, ఈ పిచ్చి ఉన్నవాళ్ళు కొందరు కలిసేవాళ్ళు. తలా కొన్ని ప్రింట్లు తెచ్చి బల్లమీద పరిచి, చేతులు మార్చుకుంటూ చూసేవాళ్ళు. ఆ గుంపుకు పెద్ద అమరేష్. కాలేజీలో లెక్చరరు, ఊరి బయట ద్రాక్షతోట ఉన్న కుటుంబం. అతని ఫొటోలు నిజంగానే బాగుండేవి. ఆ సంగతి అందరికంటే అతనికే బాగా తెలుసు. ఆదెప్ప ప్రింటు వంతు వస్తే రెండు వేళ్ళతో అంచు పట్టుకుని, టికెట్ చూసినట్టు చూసి, "దీనికి రైట్ రైట్ చెప్పేద్దామా, కండక్టరూ?" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. వాళ్ళతోపాటు ఆదెప్పా నవ్వేవాడు.

ఒకసారి ఆదెప్ప తన భార్య శశికళ ఫొటో తెచ్చాడు. ఆమె పట్టుదారం తీసే యూనిట్లో పనిచేస్తుంది. ఉడుకునీళ్ళ తొట్టి ముందు కూర్చుని, పొద్దస్తమానం పట్టుగూళ్ళలోంచి పోగు లాగే పని. ఫొటోలో ఆమె మొహం సగం ఆవిరిలో ఉంది. చేతులు మాత్రం స్పష్టంగా ఉన్నాయి, నానిపోయి, తెల్లబడి, వేళ్ళ దగ్గర చీలికలతో. ఆ ప్రింటును అమరేష్ రెండు చేతులతో పట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"ఇది బాగొచ్చిందప్పా" అన్నాడు నాగేశ్.

"ఆవిరి బాగొచ్చింది" అన్నాడు అమరేష్. చిక్కబళ్ళాపురంలో వచ్చేనెల ఫొటోల ఎగ్జిబిషన్ ఉందనీ, తన ఫొటోతోపాటు దీన్నీ పంపుతాననీ చెప్పి ప్రింటు తీసుకున్నాడు.

పంపలేదు. కారు వెనక సీట్లో పడేశాడు. కొన్నాళ్ళకు నాగేశ్ షాపులో కూర్చుని, ఒక కొత్త సిమ్ వేయించుకుని, ఎగ్జిబిషన్ కమిటీవాళ్ళు రాసినట్టు కన్నడంలో ఆదెప్పకు మెసేజ్ పెట్టాడు. మీ ఫొటో ఎంపికైంది, తప్పక రావాలి అని.

"నిజమనుకుంటాడు సార్" అన్నాడు నాగేశ్.

"అనుకోనీ. ఆయప్ప ఆస్తేమన్నా లాక్కుంటాండామా?"

ఆ మెసేజ్‌ని ఆదెప్ప బస్సులో తెలిసినవాళ్ళందరికీ చదివి వినిపించాడు. శశికళ యూనిట్లో చెప్పింది, వీధిలో చెప్పింది. చుట్టాలు వస్తే కొంగు కింద దాచుకునే చేతుల్ని ఆ రాత్రి దీపం కింద పెట్టి చూసుకుంది.

"ఇవి గూడా కనబడతాయా గోడమీద?"

"అవే కదా ఫొటో" అన్నాడు ఆదెప్ప.

ఎగ్జిబిషన్ రోజు ఆమెకు సెలవు దొరకలేదు. ఆదెప్ప ఇస్త్రీ చొక్కా వేసుకుని ఒక్కడే పోయాడు. హాలంతా తిరిగాడు. ఎదురుగోడ నడిమధ్య అమరేష్ ఫొటో ఉంది. తనది కనబడలేదు. మళ్ళీ మొదట్నుంచి, ఒక్కొక్క ఫొటో కింద పేరు చదువుకుంటూ తిరిగాడు. చివరికి బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయిని అడిగాడు. ఆమె వెతికి పేరు లేదంది. మెసేజ్ చూపించాడు.

"ఇది మా నంబర్ కాదు సార్. ఎవరో మీతో తమాషా చేసినారు."

వెనక స్కూలు పిల్లలు వరసలో నిలబడి ఉన్నారు. "ఔనా, పర్వాలేదమ్మా" అని పక్కకు జరిగాడు. ఎవరు చేశారో తెలుసుకోవడానికి అతనికి పెద్దగా ఆలోచించాల్సిన పని పడలేదు.

దారి పొడుగునా, ఇంటికెళ్ళగానే చెప్పేయాలనే అనుకున్నాడు. గడపలోనే శశికళ ఎదురొచ్చింది. పనినుంచి వచ్చి మొహం కడుక్కుని, పూలు పెట్టుకుని ఉంది. పక్కింటి యశోదమ్మ కూడా అక్కడే కూర్చుని ఉంది.

"ఉండాదా?" అంది శశికళ.

"ఉండాది" అన్నాడు. "తలుపు పక్కనే పెట్టినారు. లోపలికొచ్చేవాళ్ళకు ముందు నువ్వే కనబడతావు."

ఆమె మొహం గోడవైపు తిప్పుకుంది. తర్వాత, గోడమీద ఉన్నట్టు ఫోన్లో తీసుకొచ్చావా అని అడిగింది. లోపల తీయనీయరన్నాడు.

ఆ ఆదివారం మిద్దెమీదికి పోకూడదనుకున్నాడు. కానీ శశికళ అప్పటికే మైసూర్‌పాకు పొట్లం కట్టించింది. "ఆ సారు పంపకపోతే అయ్యేదా? ఒక మాట చెప్పొద్దా?" అని తనూ బయలుదేరింది.

ఆమె మెట్లెక్కి రావడం చూసి అందరూ ప్రింట్లు పక్కకు జరిపారు. శశికళ పొట్లం బల్లమీద విప్పింది.

"మీ దయవల్ల నా మొకం గోడెక్కింది సార్."

అమరేష్ ఆమె వెనక నిలబడ్డ ఆదెప్పను చూశాడు. ఆదెప్ప రెండు చేతులూ పొట్ట దగ్గర జోడించి, వద్దన్నట్టు తల ఊపాడు. అమరేష్ అది చూశాడు. మైసూర్‌పాకు ముక్క తీసుకుని కొరికాడు.

"నేనూ పోయింటినే, నాకు కనబడలేదు. యాడ పెట్టినారు ఆదెప్పా?"

"తలుపు పక్కన సార్."

"ఎడమ పక్కనా, కుడి పక్కనా?"

"ఎడమ."

"దాని పక్కన ఎవరి ఫొటో ఉండె?"

"మీదే సార్" అన్నాడు ఆదెప్ప. ఆ మాటతోనైనా వదిలేస్తాడనుకున్నాడు.

ఎవరో పకపకా నవ్వారు. నాగేశ్ కిటికీ వైపు తిరిగాడు. అమరేష్ రుమాలుతో వేళ్ళు తుడుచుకుని శశికళ వైపు చూశాడు.

"ఆ మెసేజ్ పంపింది నేనమ్మా, తమాషాకి. నీ ఫొటో నా కారులోనే ఉండాది. నాగేశ్, తీసుకురాపో."

నాగేశ్ తెచ్చాడు. దానిమీద ఎరువు మూట పెట్టినట్టున్నారు, ఒక మూల మడత పడి, మొహం మీద అడ్డంగా గీత పడింది.

"నేను చేసింది తమాషా. మీ ఆయన నీకు చెప్పింది అబద్ధం" అన్నాడు అమరేష్. "రెండిట్లో ఏది పెద్దదో నువ్వే చెప్పు."

శశికళ ప్రింటు అందుకుంది. దాన్నే చూస్తూ, "చేతులు బాగా పడినాయి" అంది. మైసూర్‌పాకు పొట్లం మళ్ళీ కట్టి చంకన పెట్టుకుని, మొగుడితో "పా" అంది.

బస్టాండు దగ్గర శశికళ ఆగింది.

"వాళ్ళు నవ్వితే నవ్వనీ. నాకేంటికి చెప్పలేదు?"

"నీ మొకం చూసి చెప్పలేకపోతి."

"ఇప్పుడా మొకాన్ని పదిమంది చూసిరి" అంది ఆమె.

ఆ తర్వాత అమరేష్ ఎప్పుడైనా ఆదెప్ప డ్యూటీ చేసే చిక్కబళ్ళాపురం బస్సెక్కితే, టికెట్ తీసుకుంటూ అందరికీ వినబడేట్టు, "ఏం కండక్టరూ, ఇంకో ఎగ్జిబిషన్ ఏమన్నా ఉండాదా?" అనేవాడు. సంగతి తెలియని ప్యాసింజర్లు కూడా నవ్వేవాళ్ళు. ఆదెప్ప చిల్లర లెక్కపెట్టి ఇచ్చేవాడు. చివరికి డిపోలో బతిమాలుకుని బాగేపల్లి రూట్‌కు మార్పించుకున్నాడు. కెమెరా బీరువాలో పెట్టాడు. పూలమ్మేవాళ్ళు అడిగితే చెడిపోయిందని చెప్పాడు. మిద్దెమీద ఆదివారాలు మామూలుగానే జరిగాయి. నాగేశ్ ఒక్కసారి కూడా ఆదెప్ప ఇంటికి రాలేదు.

శశికళ మాత్రం నిజం ఎవరికీ చెప్పలేదు. ఒక సాయంత్రం యశోదమ్మ, బాగేపల్లి నుంచి వచ్చిన తన చెల్లెల్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆదెప్ప అన్నం తింటున్నాడు.

"గోడెక్కింది ఈమే" అంది యశోదమ్మ.

శశికళ వాళ్ళకు చాప వేసి, అంతా చెప్పింది. ఎడమ పక్కన పెట్టారంది, జనం గుంపుగా నిలబడి చూశారంది, ఒక పెద్దావిడ ఈ చేతులు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుందంది. అంతకుముందు యూనిట్లో ఇదే చెప్పినప్పుడు అందులో ఆ పెద్దావిడ లేదు.

"నామీద నమ్మకం లేకుంటే ఈయన్నే అడుగమ్మా. కండ్లారా చూసొచ్చినోడు."

ముగ్గురూ అతనివైపు తిరిగారు. ఆదెప్ప ముద్ద కంచంలో పెట్టాడు.

"ఔనమ్మా. తలుపు పక్కనే."

"గట్టిగా చెప్పు" అంది శశికళ. "ఆమెకు వినబడలేదు."