రాయి కింద చిప్ప

మా హద్‌బీన్ ఒడ్డున సఫేలా అనే సముద్రపు నత్తల వేట ఏడాదికి పది రోజులే. ఆ రోజులు రాకముందే నీళ్లలో చెయ్యి పెట్టిన ఆడదాన్ని మా అమ్మ మనిషిగా లెక్కపెట్టేది కాదు. నిరుడు లోతుకు మునిగి నా చెవిలోంచి నెత్తురు కారింది. ఇక నాకు మిగిలింది అమ్మ చూపించిన మోకాటిలోతు రాళ్లచోటు ఒక్కటే. అదీ పోతే ఒడ్డున కూర్చుని ఊరివాళ్ల వేట చూడాల్సిందే.

ఆ చోటు తుఫూల్‌కి తప్ప ఎవరికీ చూపించలేదు. నాతోపాటు మా అమ్మ పాలు తాగిన పిల్ల, నాకు చెల్లెలే. పనీ నేనే నేర్పాను. రాయి ఎత్తి, అరచేతికన్నా చిన్న నత్తను ముట్టకుండా, మళ్లీ అలాగే బోర్లించాలి. అడుగున పిల్లనత్తలు నలగకుండా, రాయి ఒరిగిపోకుండా, ఏటా ఒక ఖాళీ నత్తచిప్పను, మెరిసే లోపలివైపు కిందికి పెట్టి, ఊతగా దూర్చాలి. ఈ చిప్ప సంగతి మా అమ్మది. మా ఇద్దరికి తప్ప ఊళ్లో ఇంకెవరికీ తెలియదు.

ఈ ఏడు తొలి పొద్దున ఇద్దరం దిగాం. రాళ్లన్నీ బుద్ధిగా పడుకుని ఉన్నాయి. మొదటిది ఎత్తాను. ఖాళీ. రెండోదీ అంతే. పదోది దాకా ఎత్తి చూశాను, అన్నీ ఖాళీయే.

"అయ్యో అక్కా! ఏ దిక్కుమాలిన పడవవాళ్లో ఊడ్చుకుపోయారే! వాళ్ల చేతులు విరిగిపోను!" అని తుఫూల్ గుండెలు బాదుకుంది.

నేనూ తిట్టబోయాను. అంతలో రాయి అడుగున వేళ్లకు చిప్ప తగిలింది. మెరుపు కిందికే ఉంది. మాంసపు పీచు ఇంకా అంటుకునే ఉంది. మూడు వేళ్ల వెడల్పు కూడా లేదు, పాపం.

"పరాయివాళ్లు ఊత పెట్టి మరీ పోయారటే?"

తుఫూల్ చిప్పను చూసి తల దించుకుంది. "పిల్లలు నలిగిపోతాయని నువ్వే కదక్కా నేర్పావు."

"ఏ పిల్లలే? ఒక్కదాన్ని చూపించు! లోతుకు మునిగే చెవులు నీకున్నాయి కదే, నా నోటి దగ్గర కూడే కావాల్సొచ్చిందా?"

పిల్లలే లేని రాయికి ఊత ఎందుకు? ఒడ్డు మీంచి రోజూ చూసుకునే నాకు అన్నీ సరిగ్గా ఉన్నట్టు కనబడాలని. నేను నేర్పిన పద్ధతితోనే నా గొంతు కోసింది. ఆ చిప్ప తుఫూల్ చేతిలో పెట్టి గట్టెక్కాను.

మిగిలిన తొమ్మిది రోజులూ అది లోతుకు వెళ్లింది. నేను ఒడ్డున కూర్చుని చూశాను.